కణుపు దగ్గర చూడండి

వానాకాలం వచ్చిందంటే జిల్లా పేజీలో ఒక వార్త తప్పకుండా కనిపిస్తుంది: ఫలానా వీధిలో ఫలానా వారింట్లో బ్రహ్మకమలం పూసింది. రాత్రి పొద్దుపోయాక అరచేయంత తెల్లని పువ్వు విచ్చుకుంటుంది. ఇరుగుపొరుగు వచ్చి దణ్ణం పెట్టుకుంటారు, ఫోటోలు తీసుకుంటారు. తెల్లారేసరికి పువ్వు వాడి వేలాడుతుంది. పూజకు అభ్యంతరం ఏమీ లేదు గాని, ఆ మొక్క మాత్రం బ్రహ్మకమలం కాదు. అసలు బ్రహ్మకమలం హిమాలయాల్లో, సుమారు నాలుగు వేల మీటర్ల ఎత్తున, రాళ్ల మధ్య చలిలో పెరుగుతుంది. దాని పేరు సాసూరియా ఆబ్‌వల్లాటా. చామంతి, పొద్దుతిరుగుడు కుటుంబానికి చెందినది, ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పం. మన ఎండలకు అది బతికి బట్టకట్టదు. మన కుండీల్లో ఉన్నది ఎపిఫిల్లం ఆక్సిపెటాలం. మెక్సికో, మధ్య అమెరికా అడవుల్లో చెట్ల కొమ్మల మీద పెరిగే ఒక కాక్టస్. మన పొలం గట్ల నాగజెముడుకు చుట్టం.

ముళ్లు లేని కాక్టస్ ఏమిటి, ఇన్ని ఆకులున్నాయి కదా అని ఎవరైనా అడుగుతారు. జవాబు ఆ మొక్క మీదే ఉంది. పువ్వు ఎక్కడి నుంచి పుట్టిందో చూడండి. పచ్చగా, బల్లపరుపుగా ఉన్న ఆ ‘ఆకు’ అంచున చిన్న నొక్కులుంటాయి. మొగ్గ ఆ నొక్కులోంచే వస్తుంది. ‘ఆకు మీద పూసే పువ్వు’ అని జనం ఆశ్చర్యపోయేది అందుకే. మామూలుగా ఆకు మీద పువ్వు పూయదు. మొగ్గ ఉండేది కాండం మీద, ఆకు పుట్టే చోట, ఆకు పంగలో. అంచంతా మొగ్గలు పెడుతున్నదంటే అది ఆకు కాదు, ఆకు వేషం వేసుకున్న కాండం. అంచు నొక్కులే దాని కణుపులు. అసలు ఆకులు కంటికి ఆననంత చిన్నవైపోయాయి.

మొక్కలను గుర్తుపట్టడంలో నా దృష్టిలో మొదటి పాఠమూ, ముఖ్యమైన పాఠమూ ఇదే. ముందు పువ్వు రంగు చూస్తాం, ఆకు మీది మచ్చలు చూస్తాం. నర్సరీ వాళ్లు మార్చగలిగేవి సరిగ్గా అవే. ఎరుపును పసుపు చేస్తారు, ఒంటి రెక్కను ముద్ద చేస్తారు, పెద్దదాన్ని పొట్టి చేస్తారు. కణుపు దగ్గర ఆకులు ఎన్ని, ఎలా అమరాయి, తుంచితే పాలు వస్తాయా, ఆకు రాలిన చోట మచ్చ ఎలా ఉంది అన్నవాటిని మాత్రం సులువుగా మార్చలేరు. మొక్క వంశం అక్కడ రాసిపెట్టి ఉంటుంది.

రెండు అశోకాలు

ఆకు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తేల్చుకోవడం పైకి చిన్న పనిలా కనిపిస్తుంది. కరివేపాకు ‘రెమ్మ’ అని మనం తుంచేది వృక్షశాస్త్రం లెక్కలో ఒకే ఆకు. దాని మీద ఉన్నవి రెబ్బలు. నమ్మకం లేకపోతే ప్రతి రెబ్బ మొదట్లోనూ వెతకండి, మొగ్గ దొరకదు. ఈనె మొత్తం కొమ్మకు అతుక్కున్న చోట దొరుకుతుంది. ఇలాంటి వాటిని సంయుక్త పత్రాలు అంటారు. వేప, మునగ, చింత, తురాయి అన్నీ ఈ బాపతే.

ఈ ఒక్క పరీక్షతో మన ఊళ్లలో అతి పాత గందరగోళం ఒకటి విడిపోతుంది. ప్రహరీ పక్కన బారుగా నిలబడి, కొమ్మలు కిందికి జారవిడిచి, స్తంభంలా ఎదిగే చెట్టును అందరం అశోక అంటాం. కళాశాలల్లో, కలెక్టరాఫీసుల్లో, కల్యాణ మండపాల ముందు అదే. దాని సరైన తెలుగు పేరు నరమామిడి. పొడవాటి ఆకు, అంచు అలలు తిరిగి ఉంటుంది, ప్రతి ఆకు పంగలోనూ మొగ్గ ఉంటుంది. అంటే విడి ఆకు. వేసవికి ముందు ఆకుపచ్చ నక్షత్రాల్లాంటి పూలు పూస్తుంది గాని, ఆకుల్లో కలిసిపోయి ఎవరి కంటా పడవు. పువ్వుకు ఆరు సన్నని రెక్కలు. ఇది సీతాఫలం కుటుంబం.

రామాయణంలో సీత కూర్చున్న చెట్టుగా మనం తలుచుకునే అశోకం వేరు. సరాకా అసోకా అనే ఆ చెట్టుది సంయుక్త పత్రం, చిక్కుడు కుటుంబం. లేత ఆకులు రాగి రంగులో, పట్టు తప్పినట్టు వేలాడుతుంటాయి. నారింజ నుంచి ఎరుపుకు తిరిగే పూలగుత్తులు ముదురు కొమ్మలకే అంటుకుని పూస్తాయి. కాయ చిక్కుడులా పగులుతుంది. ఇంకో తమాషా ఏమిటంటే ఆ రంగంతా రక్షక పత్రాలదే, ఆ పువ్వుకు ఆకర్షక పత్రాలు లేనే లేవు. ఆయుర్వేదంలో వాడేది దీని బెరడు. బజారులో అశోక బెరడు పేరిట నరమామిడి బెరడు కలిపి అమ్మడం మూలికల వ్యాపారంలో పేరుమోసిన కల్తీ. చెట్టు పోల్చుకోవడంలో పొరపాటు జరిగితే అది మందు సీసాదాకా పాకుతుంది.

మనిషి పొరబడినా సీతాకోకచిలుక పొరబడదు. నల్లని రెక్కల మీద పచ్చ మచ్చలతో చురుగ్గా ఎగిరే టెయిల్డ్ జే అనే చిలుక ఒకటి ఉంది. అది సీతాఫలం చెట్టు మీదా గుడ్లు పెడుతుంది, నరమామిడి మీదా పెడుతుంది. రెండింటి ఆకుల్లోని రసాయనాలకు దగ్గరి పోలిక ఉండటమే కారణం. పుస్తకం తెరవకుండానే కుటుంబం తేల్చేసే వృక్షశాస్త్రజ్ఞురాలు అది.

రంగు చెప్పే అబద్ధాలు

ఆకులకు కాస్త రంగు కనిపిస్తే చాలు, మన వాళ్లు దాన్ని క్రోటన్ అనేస్తారు. అసలు క్రోటన్ ఒకే జాతి, పేరు కోడియం వేరిగేటం. మలేసియా, ఇండోనేసియా మొదలు పసిఫిక్ దీవుల దాకా దాని పుట్టిల్లు. వెడల్పు ఆకు, సన్న ఆకు, మెలితిరిగిన ఆకు, చుక్కల ఆకు, వందల రకాలుగా పెంచారు, అన్నీ ఆ ఒక్క జాతిలోవే. ఆకు దళసరిగా, తోలులా ఉంటుంది, అంచుకు పళ్లుండవు. దాని పక్కనే హెడ్జ్‌గా వేసే రాగి రంగు అకాలిఫా ఆకు పల్చగా, అంచు రంపంలా ఉంటుంది. ఈ రెండూ ఆముదం కుటుంబానివి. అదే వరసలో కోలియస్ కూడా పెడతారు. దాని కాండాన్ని రెండు వేళ్ల మధ్య పెట్టి దొర్లించండి. నాలుగు పలకలుగా తగులుతుంది, ఆకులు ఎదురెదురుగా ఉంటాయి. ఇది తులసి కుటుంబం. చూపు తేల్చలేనిది వేళ్లు తేలుస్తాయి.

రంగు ఎంత నిలకడ లేనిదో స్నేక్ ప్లాంట్ చెబుతుంది. పసుపు అంచు ఉన్న రకం ఆకును ముక్కలుగా కోసి మట్టిలో గుచ్చితే కొత్త మొక్కలు వస్తాయి, కాని వాటికి పసుపు అంచు రాదు, ఆకుపచ్చగా వస్తాయి. అంచున ఉన్న పసుపు కణాలకు పచ్చదనం తయారుచేసే శక్తి లేదు. మధ్యలోవి మామూలు కణాలు. ఒకే ఆకులో రెండు రకాల కణజాలాలు పక్కపక్కన కాపురం చేస్తున్నాయి. ముక్క నుంచి పిలక కట్టేటప్పుడు ఆ అమరిక చెదిరిపోతుంది. పసుపు అంచు కావాలంటే దుంపతో సహా పిలక విడదీసి నాటాల్సిందే. ఈ మొక్కను నిన్నమొన్నటిదాకా సాన్సివీరియా అనేవారు. డీఎన్ఏ పోల్చి చూశాక 2017లో డ్రసీనా ప్రజాతిలో చేర్చారు. నారకు పేరుపడ్డ మన చాగ మొక్క దీనికి అన్నదమ్ముల వరస.

కాగితంపూల సంగతి చాలామందికి తెలిసిందే. గులాబీ రంగులో మెరిసేవి రెక్కలు కావు, పూలను కాపుకాసే ఆకులు. మూడింటి మధ్య తలా ఒకటి చొప్పున సన్నని తెల్లగొట్టాల్లా ఉండేవి అసలు పూలు. కాగితంపూల ముల్లు గురించి మాత్రం ఎవరూ చెప్పరు. అది ప్రతిసారీ ఆకు పంగలోంచే వస్తుంది. అంటే కొమ్మ కావలసింది ముల్లయింది. గులాబీ ముల్లు అలా కాదు. కాండం మీద ఎక్కడపడితే అక్కడ బెరడు నుంచి మొలుస్తుంది, పక్కకు నొక్కితే టప్పున ఊడివస్తుంది. పువ్వు లేని కాలంలోనూ ముల్లు చూసి రెంటినీ విడదీయవచ్చు.

గన్నేరు ఇంటివాళ్లు

మన పెరళ్లలో, గుళ్లలో, డివైడర్ల మీద ఒకే కుటుంబం ఇంతలా పరుచుకున్నదంటే అది గన్నేరు కుటుంబమే. ఎర్రగన్నేరు, పచ్చగన్నేరు, దేవగన్నేరు, బిళ్లగన్నేరు, నందివర్ధనం, అల్లమండ, కుండీలో బోన్సాయ్‌లా లావుపాటి మొదలుతో కనిపించే అడీనియం, రోడ్డు పక్క ఏడాకులపాల. చెట్టు ఒకటి, పొద ఒకటి, తీగ ఒకటి, జానెడు మొక్క ఒకటి. చూపులకు ఏ పొంతనా లేదు.

ఒక్కొక్క పువ్వునూ పైనుంచి చూడండి. అయిదు రెక్కలూ ఒకే వైపు తిరిగి, ఒకదాని అంచు పక్కదాని మీద ఎక్కి ఉంటాయి. పిల్లలు తాటాకుతో చేసే గాలిమర గుర్తుకొస్తుంది. విచ్చుకోని మొగ్గలో ఇది ఇంకా బాగా తెలుస్తుంది, బట్ట పిండినట్టు మెలితిరిగి ఉంటుంది. రెండో గుర్తు పాలు. దేవగన్నేరు, నందివర్ధనం ఆకు తుంచితే తెల్లగా కారుతాయి. ఎర్రగన్నేరులో, బిళ్లగన్నేరులో పల్చగా, కనీకనిపించనట్టు ఉంటాయి కనుక పాలు లేవని తొందరపడి తీర్పు చెప్పకూడదు. మూడో గుర్తు చాలామటుకు జంట కాయలు. ఒకే పువ్వు నుంచి రెండు కాయలు కొమ్ముల్లా విచ్చుకుని వస్తాయి. పచ్చగన్నేరు, అల్లమండ దీనికి మినహాయింపు. మొదటిదానికి నాలుగు పలకల గుండ్రని కాయ, రెండోదానికి ముళ్ల కాయ.

కుటుంబం తేలాక లోపలి తేడాలను కణుపు చెబుతుంది. ఎర్రగన్నేరుకు కణుపుకు మూడేసి ఆకులు. పచ్చగన్నేరు ఆకులూ సన్నగా ఉన్నా ఒక్కొక్కటిగా, మెలికలో అమరుతాయి. నందివర్ధనం, బిళ్లగన్నేరు ఎదురెదురు ఆకులవి. ఏడాకులపాలకు కణుపు చుట్టూ గొడుగులా ఆకులు పరుచుకుంటాయి, పేరులో ఏడు అని ఉన్నా అయిదూ ఉండొచ్చు, ఎనిమిదీ ఉండొచ్చు. దేవగన్నేరు ఆకు ఒకటి తీసి వెలుతురుకు పట్టండి. పక్క ఈనెలన్నీ అంచుదాకా వెళ్లి, అంచు వెంబడి సాగే ఒక ఈనెలో కలుస్తాయి. పూలు లేకున్నా, రంగు ఏదైనా, ఆ ఒక్క గీత చాలు.

ఈ కుటుంబాన్ని గుర్తుపట్టడం సరదా మాత్రమే కాదు. ఎర్రగన్నేరు, పచ్చగన్నేరు గుండె లయ మీద పనిచేసే విషాలను మోస్తాయి. గన్నేరు పప్పు ఎంత ప్రమాదమో పల్లెల్లో వేరే చెప్పనక్కర్లేదు. పట్నంలో పుట్టి పెరిగిన పిల్లలకు మాత్రం చెప్పాలి. పశువులు ముట్టవు, నీళ్లు పెద్దగా అడగదు కాబట్టే ఎర్రగన్నేరును జాతీయ రహదారుల మధ్యలో అంత పొడవునా వేస్తారు. అదే ఇంట్లో మడగాస్కర్ నుంచి వచ్చిన బిళ్లగన్నేరు ఉంది. మధుమేహానికి పనికొస్తుందన్న నాటువైద్యం మాట విని కెనడాలో పరిశోధకులు దాన్ని పరీక్షించారు. చక్కెర తగ్గలేదు గాని ఎలుకల రక్తంలో తెల్లకణాలు తగ్గిపోవడం చూశారు. తెల్లకణాలు అదుపు తప్పి పెరిగే జబ్బు బ్లడ్ క్యాన్సర్ కదా! 1958లో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ విన్‌బ్లాస్టిన్‌ను వేరుచేశారు. ఆ తర్వాత వచ్చిన విన్‌క్రిస్టిన్ ఈనాటికీ పిల్లల లుకేమియా చికిత్సలో ముఖ్యమైన మందు. అలాగని పెరట్లో ఆకు నమిలితే మందు కాదు, విషమే.

ఇక్కడా ఒక పురుగు సాక్ష్యం చెబుతుంది. నందివర్ధనం ఆకులు రాత్రికి రాత్రి మాయమైతే కొమ్మల మీద వెతకండి. వేలెడు లావున పచ్చని గొంగళిపురుగు, తల దగ్గర నీలం తెలుపు కళ్లలాంటి రెండు మచ్చలు. దాని పేరే గన్నేరు చిమ్మట. ఎర్రగన్నేరు, నందివర్ధనం, బిళ్లగన్నేరు మూడింటినీ తింటుంది. నిద్రగన్నేరు జోలికి మాత్రం పోదు. పోదు మరి, పేరులో గన్నేరు ఉన్నా అది తుమ్మ, సుబాబుల్ జట్టు చెట్టు. సాయంత్రానికి ముడుచుకునే సంయుక్త పత్రం, నల్లని పొడవాటి కాయ, పాలు లేని కొమ్మ. అన్ని గుర్తులూ గన్నేరు కాదనే చెబుతాయి.

పాలు ఉన్నంత మాత్రాన గన్నేరు కుటుంబమూ కాదు. రబ్బరు మొక్క ఆకు తుంచినా పాలొస్తాయి. దాని కొమ్మ చివర ఎర్రని మొనదేలిన టోపీ ఉంటుంది, అది రాలినచోట కణుపు చుట్టూ ఉంగరంలా గీత పడుతుంది. పాలు, ఉంగరం రెండూ కలిస్తే మర్రి, రావి, మేడి జట్టు. ఆఫీసు వరండాల్లోని ఫైకస్ బెంజమినా, బోన్సాయ్ పేరిట అమ్మే ఉబ్బిన వేళ్ల ఫైకస్, వయొలిన్ ఆకారపు ఆకుల ఫైకస్ లైరాటా, పనస, అన్నీ ఇక్కడే చేరతాయి. ఉంగరం ఉండి పాలు లేకపోతే సంపెంగ అయ్యే అవకాశం ఉంది. ఇక ముళ్లుండి, ఆకులు లేక, గుచ్చితే పాలు కారితే అది జెముడు, కాక్టస్ కాదు. నాగజెముడు పేరుకే జెముడు, అది కాక్టసే. కాక్టస్‌కు పాలు కారడం అరుదు. దాని ముళ్లు దూది అద్దినట్టుండే చిన్న దిండులోంచి పుడతాయి. కాక్టస్ అని కొని తెచ్చుకునే నిలువు స్తంభాల మొక్కల్లో ఎన్నో జెముళ్లే. జెముడు పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు. కోసేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకోండి.

చామ చుట్టాలు

ఇంటి లోపలి కుండీల్లో రాజ్యమేలేది చామ, కంద కుటుంబం. మనీ ప్లాంట్, ఫిలోడెండ్రాన్, సింగోనియం, మాన్‌స్టెరా, డైఫెన్‌బాకియా, అగ్లోనిమా, పీస్ లిల్లీ, ఆంథూరియం, ఈమధ్య ప్రతి రిసెప్షన్ బల్ల పక్కనా కనిపిస్తున్న జెడ్‌జెడ్ ప్లాంట్, అన్నీ అవే. పూస్తే ఇట్టే దొరికిపోతాయి. మధ్యలో కంకిలాంటి కాడ, దాన్ని కప్పుతూ ఒకే ఒక్క దొప్ప. పీస్ లిల్లీకి తెల్ల దొప్ప, ఆంథూరియంకు నిగనిగలాడే ఎర్ర దొప్ప. అసలు పూలు కంకి మీద చుక్కల్లా ఉంటాయి.

కందకు లేని దురద కత్తిపీటకెందుకు అంటాం. ఆ దురద కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలది, సూదుల్లా ఉండి కణాల్లో కట్టలుగా దాగి ఉంటాయి. డైఫెన్‌బాకియాలోనూ అవే ఉన్నాయి. పసిపిల్లలు దాని ఆకు నమిలితే నాలుక, పెదాలు వాచి మాట పెగలదు. పాకే వయసు పిల్లలున్న ఇంట్లో ఈ కుటుంబం కుండీలు నేలమీద ఉండకూడదు.

మనీ ప్లాంట్ చరిత్ర వింటే శాస్త్రజ్ఞులకు కూడా పువ్వు లేకపోతే ఎంత ఇబ్బందో తెలుస్తుంది. పసిఫిక్‌లోని మోరియా దీవి దీని పుట్టిల్లు. 1880లో పోథోస్ అని పేరు పెట్టారు. తర్వాత సిండాప్సస్ అన్నారు, ఆపైన రాఫిడోఫోరా, చివరికి ఎపిప్రెమ్నం అన్నారు. అన్నిసార్లు ఇల్లు మారడానికి కారణం అది పూయకపోవడమే. పూత పూయించే జిబ్బరెల్లిన్ హార్మోను తయారీలో అవసరమైన ఒక జన్యువు దీనిలో సరిగా పనిచేయడం లేదని 2016లో వెలువడిన పరిశోధన తేల్చింది. ఆ హార్మోను చల్లితే పూసింది. ఇంటింటా ఉన్న మనీ ప్లాంట్ అంతా ముక్క తెంచి నాటిందే, విత్తనం నుంచి వచ్చింది కాదు.

పెరటి చెట్టుకు పాకిన మనీ ప్లాంట్‌ను ఎవరూ పోల్చుకోలేరు. సీసాలో అరచేయంత ఉన్న ఆకు చెట్టెక్కాక విస్తరంత అవుతుంది, అంచులు చీలుతాయి. అది బాల్యం, ఇది యవ్వనం. సింగోనియం కూడా అంతే, బాణం మొనలాంటి లేత ఆకు పెద్దయ్యాక అయిదారు రెబ్బలుగా విడిపోతుంది. కాబట్టి ఆకు ఆకారం ఒక్కటే చూసి తీర్పు ఇవ్వకూడదు. మనీ ప్లాంట్‌కూ, అచ్చం దానిలా ఉండే హృదయాకారపు ఫిలోడెండ్రాన్‌కూ తేడా మళ్లీ కణుపు దగ్గరే ఉంది. ఫిలోడెండ్రాన్ కొత్త ఆకు ఒక పల్చని తొడుగులోంచి బయటికొస్తుంది. ఆ తొడుగు ఎండి రాలిపోతుంది. మనీ ప్లాంట్ కొత్త ఆకు ముందరి ఆకు కాడలోని గాడిలోంచి చుట్టవిప్పుకుంటుంది, విడి తొడుగు ఉండదు.

పేరుకు మాత్రమే తాళ జాతి

లక్కీ బాంబూ వెదురు కాదు, ఆఫ్రికా నుంచి వచ్చిన డ్రసీనా. అడ్డంగా కోస్తే నిండుగా ఉంటుంది. వెదురు లోపల బోలు, కణుపు దగ్గర అడ్డుగోడ. బొకేల్లో పెట్టే ఆస్పరాగస్ ఫెర్న్ ఫెర్న్ కాదు, మన పిల్లిపీచరకు తోబుట్టువు. ఫెర్న్ పూయదు, ఆకు అడుగున గోధుమరంగు చుక్కల్లో సిద్ధబీజాలుంటాయి. ఆస్పరాగస్ చిన్న పూలు పూసి పండ్లు కాస్తుంది. దాని సూదుల్లాంటి ‘ఆకులు’ కూడా ఎపిఫిల్లం మాదిరి కాండాలే. ట్రావెలర్స్ పామ్ విసనకర్రలా ఆకులు పరిచినా తాళ జాతి కాదు. దాని ఆకు ఒకసారి ముట్టుకుంటే అరటిని తాకినట్టే ఉంటుంది.

వీటిలో నాకు ఇష్టమైనది సేగో పామ్. హోటళ్ల వాకిట జంటగా పెట్టే, ఖర్జూరం ఆకులాంటి గట్టి ఆకుల మొక్క. పేరు సైకస్ రెవల్యూటా, జపాన్ దక్షిణ ప్రాంతాలది. ఇది పువ్వులు పూసే మొక్కే కాదు, శంకులు పెట్టే పురాతన వంశం. డైనోసార్ల కంటే ముందునుంచీ ఈ వంశం భూమి మీద ఉంది. కొత్త ఆకులు వస్తున్నప్పుడు చూడండి, ప్రతి రెబ్బా చుట్టచుట్టుకుని ఉంటుంది. ఏ తాళ చెట్టూ అలా రాదు. దీని సొంత చుట్టం ఒకటి శేషాచలం కొండల్లో ఉంది. సైకస్ బెడ్డోమి, స్థానికంగా పెరిత అంటారు. లోకంలో మరెక్కడా సహజంగా పెరగదు. మగ శంకుల కోసం నరకడం, అడవి మంటలు దాన్ని అంతరించే స్థితికి తెచ్చాయి. అంతర్జాతీయ వ్యాపారాన్ని అడ్డుకునే సైటిస్ ఒప్పందంలో మొదటి అనుబంధంలో ఉంది. తిరుమల నడకదారిలో వెళ్లేటప్పుడు కనిపిస్తే చూడండి. పీకి తెచ్చుకోవద్దు.

రోడ్డు పక్కన

వీధి చెట్ల విషయంలో గుర్తింపు ఇంటి సరదా దాటి పాలనా వ్యవహారం అవుతుంది. హుద్‌హుద్ తుఫాను తర్వాత విశాఖలో ఏడాకులపాల విరివిగా నాటారు. అక్టోబరు, నవంబరుల్లో అది పూస్తే ఆ ఘాటు వాసనకు జనం కిటికీలు మూసుకున్నారు, ఫిర్యాదులు చేశారు. కోనోకార్పస్ కథ ఇంకా పెద్దది. తొందరగా ఎదుగుతుంది, పచ్చగా ఉంటుంది, పశువులు తినవు, అందుకని మైళ్ల కొద్దీ నాటారు. తర్వాత పుప్పొడితో ఎలర్జీలు, పైపుల్లోకి దూరే వేళ్లు అంటూ గోల మొదలైంది. గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటడం నిషేధించింది. గుర్తుపట్టడం తేలిక. సన్నని విడి ఆకు, ఆకు మొదట్లో కాడకు ఇరువైపులా రెండు చిన్న గ్రంథులు, గుండీల్లాంటి చిన్ని కాయల గుత్తులు. బాదం, మద్ది, రాధామనోహరం ఉన్న కుటుంబమే ఇది. నాటేముందు ఈపాటి చూసి ఉంటే ఇప్పుడు నరికే ఖర్చు ఉండేది కాదు. చెట్టు తప్పేమీ లేదు, ఒకే జాతిని అన్ని చోట్లా బారులు తీర్చి నాటిన వాళ్లదే తప్పు.

ఫోటో తీసేటప్పుడు

ఇప్పుడు ఫోన్‌లో ఫోటో తీస్తే పేరు చెప్పే యాప్‌లున్నాయి. బాగానే పనిచేస్తాయి, కాని మనం ఇచ్చేది ఎప్పుడూ పువ్వు ముఖచిత్రమే. రెండు శతాబ్దాల కిందట మన గోదావరి ప్రాంతంలోనే ఇంతకంటే మెరుగైన పద్ధతి నడిచింది. కాకినాడ దగ్గరి సామర్లకోటలో ఉద్యోగం చేసిన విలియం రాక్స్‌బర్గ్ భారతీయ చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు వేయించాడు. వాటిలోంచి ఏర్చిన 300 బొమ్మలతో కోరమాండల్ తీరపు మొక్కల పుస్తకం 1795 నుంచి మూడు సంపుటాలుగా లండన్‌లో అచ్చయింది. ఆ బొమ్మల్లో కొమ్మ, కణుపు, ఆకుల అమరిక కనిపిస్తాయి. అట్టడుగున పువ్వును విప్పి భాగాలు విడివిడిగా వేసి ఉంటాయి. మొక్కల తెలుగు పేర్లూ ఆయన రాసిపెట్టుకున్నాడు.

మీరూ అలాగే నాలుగు ఫోటోలు తీయండి. మొక్క మొత్తం ఒకటి. ఆకు కాండానికి అతుక్కున్న చోటు దగ్గరగా ఒకటి. ఆకు అడుగు భాగం ఒకటి. పువ్వో కాయో ఉంటే పక్కనుంచి ఒకటి. పాలు వచ్చాయా లేదా, నలిపితే వాసన ఏమిటి అన్నది పక్కన రాసుకోండి. రుచి మాత్రం చూడవద్దు. యాప్ చెప్పిన పేరు మీద అనుమానం ఉంటే దగ్గరి డిగ్రీ కళాశాల వృక్షశాస్త్ర విభాగానికి కొమ్మ పట్టుకెళ్లండి. హైదరాబాద్‌లో భారతీయ వృక్ష సర్వేక్షణ సంస్థ కార్యాలయం కూడా ఉంది.

నర్సరీ వాళ్లకు ఒక మాట. కడియపులంక, వేమగిరి, బుర్రిలంక తోటల నుంచి దేశమంతటికీ మొక్కలు లారీలకెక్కుతున్నాయి. ఒక్కో కవర్ మీద శాస్త్రీయ నామం ఉన్న చీటీ కట్టడానికి అయ్యే ఖర్చు ఎంతో కాదు. కొనేవాళ్లు అడగనిదే వాళ్లు కట్టరు. కాబట్టి ఈసారి మొక్క కొన్నప్పుడు ధర బేరమాడే ముందు దాని అసలు పేరు రాసివ్వమని అడగండి.